చెప్పకుండా ఆరిపోయిన లైటు

కిందటి సంచికలో ఈ శీర్షిక కింద బ్యాంకు లాకరుకు నామినేషను ఎందుకు రాయాలో చెప్పాను. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో ఒకటి మాత్రం లాకరు సంగతి కాదు. యానాం నుంచి ఒక సోదరి రాశారు. వారి అత్తగారికి డెబ్బై దాటాయట. గోదావరికి వరద వచ్చినా, తుపాను పట్టినా రాత్రిళ్ళు కరెంటు ఉండదట. "మా అత్తయ్యగారికి మంచి టార్చిలైటు ఒకటి కొందామని వెళితే దుకాణంలో ఇరవై రకాలు ముందు పెట్టారు. యాభై రూపాయల నుంచి రెండు వేల దాకా ఉన్నాయి. ఖరీదైనదే మంచిదా? డబ్బు లెక్కలన్నీ చెబుతారు కదా, ఈ లెక్క కూడా చెప్పండి" అని అడిగారు.

ఆవిడ సరదాగానే అడిగి ఉండవచ్చు. కాని ఉత్తరం చదివి నేను కాసేపు ఊరికే కూర్చుండిపోయాను. టార్చిలైటు విషయంలో మా ఇంట్లో ఒక పాత బాకీ ఉంది. అది నా పేరు మీదే ఉంది. ముందు అది చెప్పి, తర్వాత లెక్కలోకి వస్తాను.

మాది బరంపురం. మా తాతగారి కాలం నుంచీ ఇక్కడే. ఇక్కడివాళ్ళకి తుపాను కొత్త కాదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు మా వీధికి చాలా రోజులు కరెంటు లేదు. ఆ రోజులన్నీ మా నాన్నగారి పాత స్టీలు టార్చి మీదే గడిచాయి. రెండు పెద్ద సెల్లులు, ఒక చిన్న బల్బు, అంతే. నాన్నగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు. దీపం పట్టుకుని చీకట్లో నడవడం ఆయనకి ఉద్యోగమే. రెండో రోజు రాత్రి టార్చి వెలుగు కాస్త పసుపు తిరగ్గానే, "ఒరే, రేపటికి సెల్లులు చూడు. ఇవి ఇంకో రాత్రికి వస్తాయి, అంతే" అన్నారు. సరిగ్గా అలాగే అయింది.

తర్వాత కొన్నాళ్ళకి నేనే ఆ టార్చిని పక్కన పెట్టించాను. బడాబజారులో ఒక కొత్త ఎల్.ఇ.డి. టార్చి కొని తెచ్చాను. అరచేతిలో ఇమిడిపోతుంది, రెండు పెన్సిలు సెల్లులు చాలు. "నాన్నగారూ, ఇది పాతదానిలా నీరసించి పోదు. మొదటి నిమిషం ఎలా వెలుగుతుందో చివరి నిమిషం కూడా అలాగే వెలుగుతుంది" అని దుకాణదారు చెప్పిన మాటే నేనూ గొప్పగా చెప్పాను. ఆ మాట నిజమే. ఎంత నిజమో నాకప్పుడు తెలియలేదు.

2018 అక్టోబరు 10వ తేదీ రాత్రి తిత్లీ తుపాను. తెల్లవారితే 11న అది పలాస దగ్గర తీరం దాటింది. మా వైపు గాలీ వానా ముందు రాత్రే మొదలయ్యాయి. సాయంత్రమే కరెంటు పోయింది. రాత్రి మూడింటి వేళ పెరటి తలుపు కొట్టుకుంటుంటే నాన్నగారు కొత్త టార్చి పట్టుకుని లేచారు. నూతి వైపు మూడు మెట్లు ఉన్నాయి. రెండో మెట్టు మీద ఉండగా లైటు ఆరిపోయింది. అప్పటికి ఆయనకి డెబ్బై ఎనిమిదేళ్ళు. చప్పుడు విని నేను సెల్‌ఫోను వెలుగులో పరుగెత్తాను. ఎడమ మణికట్టు విరిగింది.

ఇక్కడివరకూ ఎవరింట్లోనైనా జరిగేదే. తర్వాత జరిగింది చెప్పాలి. నాన్నగారిని లేపి కూర్చోబెట్టాక బురదలో పడిన టార్చి తీసి స్విచ్చి నొక్కాను. శుభ్రంగా వెలిగింది! "ఆరిపోయిందిరా" అన్నారాయన. "బాగానే వెలుగుతోంది కదండీ. చీకట్లో మీరే స్విచ్చి నొక్కేసుకుని ఉంటారు" అన్నాను నేను. ఆయన ఇంకేమీ అనలేదు. తర్వాత ఇంటికొచ్చిన చుట్టాలందరికీ నేనదే చెప్పాను. పెద్దాయన, కంగారులో స్విచ్చి నొక్కేశారని. ఆయన పక్కనే కట్టుతో కూర్చుని వినేవారు.

డిసెంబరులో మా అబ్బాయి సెలవులకి వచ్చాడు. వాడు చదివింది ఎలక్ట్రానిక్సు. సంగతి విని, "నాన్నా, తాతయ్య చెప్పినట్టే జరిగి ఉండవచ్చు. నువ్వోసారి కొలిచి చూడు" అని ఒక చిన్న మల్టీమీటరు నా చేతిలో పెట్టాడు. నేను కామర్సు వాణ్ణి. వోల్టు, ఆంపియరు స్కూల్లో వదిలేసిన మాటలు. అయినా జమాఖర్చులు చూడటం చేతనవును కనుక, వాడు చెప్పినదాన్ని నాకు అర్థమైన భాషలో మీకు చెబుతాను.

మనం మామూలుగా "కరెంటు పోయింది" అంటాం. ఇక్కడ కరెంటు అంటే ఆ అర్థం కాదు, తీగలో సాగే ప్రవాహం. మేడ మీద నీళ్ళ ట్యాంకు ఉందనుకోండి. ట్యాంకులో నీటి ఎత్తు వోల్టేజి. కుళాయిలో పడే ధార కరెంటు. ట్యాంకు నిండుగా ఉంటే ధార జోరుగా వస్తుంది, నీరు దిగేకొద్దీ సన్నబడుతుంది. కొత్త సెల్లు ఒకటిన్నర వోల్టు. వాడేకొద్దీ 1.3, 1.2, 1.1 ఇలా దిగి, 0.9 దగ్గరికి వచ్చేసరికి దాదాపు ఖాళీ అయినట్టే.

పాత బల్బు టార్చిలో సెల్లుకీ బల్బుకీ మధ్య ఎవరూ ఉండరు. సెల్లు ఎంత ఇస్తే బల్బు అంత తీసుకుంటుంది. రెండు సెల్లుల వోల్టేజి 3 నుంచి 2.4కి దిగితే, అంటే ఐదో వంతు తగ్గితే, వెలుగు సగానికంటే కిందికి పోతుంది. 2 వోల్టులకి వస్తే పావు వంతే మిగులుతుంది. తీగ వేడి తగ్గడం వల్ల తెలుపు పోయి పసుపు, తర్వాత ఎరుపు వస్తుంది. వెలుగు ఇంత త్వరగా పడిపోవడం లోపంగానే కనిపిస్తుంది. అయితే దానికి రెండో వైపు కూడా ఉంది. 2 వోల్టుల దగ్గర ఆ బల్బు సెల్లు నుంచి లాగే శక్తి కూడా మొదటిదానిలో ఇంచుమించు సగమే. ఆదాయం తగ్గితే ఖర్చు తగ్గించుకునే పాతకాలపు ఇల్లాలి పద్ధతి అన్నమాట. అందుకే అది ఒక్కసారిగా ఆరదు. మసక మసకగా ఇంకో రాత్రి లాగుతుంది. నాన్నగారు పసుపు చూసి లెక్క కట్టింది దీన్నే.

ఎల్.ఇ.డి. స్వభావం వేరు. తెల్లని వెలుగిచ్చే ఎల్.ఇ.డి. నిజానికి లోపల నీలి వెలుగే ఇస్తుంది. దాని మీద పూసిన పసుపు పొడి కొంత నీలాన్ని పసుపుగా మారిస్తే రెండూ కలిసి మన కంటికి తెలుపు. ఆ నీలి ఎల్.ఇ.డి. సాధించినందుకే జపానులో పుట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలు అకసాకి, అమానో, నకమురాలకి 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. దానికి సుమారు 3 వోల్టులు కావాలి. చాలా తక్కువ ఇస్తే అసలు వెలగదు. కాస్త ఎక్కువ ఇస్తే కరెంటు వరదలా పెరుగుతుంది. బల్బుకి ఒక వోల్టు తేడా అయితే చేసే పని, దీనికి వోల్టులో రెండు మూడు పదోవంతుల తేడా చేసేస్తుంది. పైగా వేడెక్కితే ఇంకా ఎక్కువ కరెంటు లాగే గుణం ఉంది. అందువల్ల ఎల్.ఇ.డి.ని సెల్లుకి నేరుగా వదిలేయకూడదు. మధ్యలో పెత్తనం చేసేవాడు ఒకడుండాలి.

ఆ పెత్తందారు ఎవరన్నదే యాభై రూపాయల టార్చికీ అయిదు వందల టార్చికీ మధ్య తేడా. పైన డబ్బా, అద్దం, రంగు కాదు.

చవకవాటిలో ఒక చిన్న రెసిస్టరు ఉంటుంది. మూడు సెల్లుల టార్చి తీసుకుందాం. కొత్తవి 4.5 వోల్టులు. ఎల్.ఇ.డి. 3 పట్టుకుంటే మిగిలిన ఒకటిన్నర రెసిస్టరు మీద పడుతుంది. అది 5 ఓములదైతే 300 మిల్లీ ఆంపియర్లు పారుతాయి. సెల్లు ఒక్కోటి 1.2కి దిగిందనుకోండి, మొత్తం 3.6. రెసిస్టరుకి మిగిలేది 0.6 వోల్టే. కరెంటు 120. చూశారా, సెల్లుల్లో ఐదో వంతు తగ్గితే కరెంటులో ఐదింట మూడు వంతులు పోయాయి. (కరెంటు తగ్గినప్పుడు ఎల్.ఇ.డి. పట్టే వోల్టేజి కూడా కొంచెం తగ్గుతుంది కనుక నిజంలో పడిపోవడం ఇంతకంటే కాస్త నయంగా ఉంటుంది. లెక్క సులువు కోసం దాన్ని వదిలేశాను.) ఇది కూడా బల్బులాగే మసకబారుతుంది, కాని పసుపు తిరగదు. తెల్లగానే ఉంటూ పలచబడుతుంది. పాలల్లో నీళ్ళు కలిసినట్టు. ముసలివాళ్ళ కళ్ళకి ఆ మార్పు పసుపంత తొందరగా తెలియదు.

రెండో రకం పెత్తందారు కుళాయి దగ్గర నిలబడ్డ మనిషిలాంటివాడు. ట్యాంకు నిండుగా ఉంటే కుళాయి బిగిస్తాడు, దిగేకొద్దీ వదులు చేస్తాడు. ధార ఎప్పుడూ ఒకటే. ఛార్జి చేసుకునే లిథియం సెల్లు టార్చిల్లో ఇలాంటి చిప్పులు వాడతారు. ఒక్కో చిప్పు 350 మిల్లీ ఆంపియర్లకి కాపలా కాసేది బాగా ప్రసిద్ధం. గోరుకంటే చిన్నది. లిథియం సెల్లు నిండుగా ఉంటే 4.2 వోల్టులు, ఎక్కువ కాలం నాలుగుకీ మూడున్నరకీ మధ్య ఉంటుంది. ఎల్.ఇ.డి.కి 3.1 కావాలి, చిప్పు తన కోసం ఇంకో 0.1 పైచిలుకు అట్టే పెట్టుకుంటుంది. కాబట్టి సెల్లు సుమారు 3.2 అయ్యేదాకా వెలుగులో ఏ తేడా ఉండదు. ఆ గీత దాటితే కుళాయి పూర్తిగా తెరిచేసినా నీళ్ళు లేవు. అక్కడి నుంచి సెల్లు ఎంత ఇస్తే అంతే. అంటే చివర్లో మళ్ళీ మసక వస్తుంది, మనిషికి కాస్త వ్యవధి దొరుకుతుంది.

ఇందులో కామర్సు చదివినవాడికి తట్టే సంగతి ఒకటుంది. ఈ పద్ధతిలో సెల్లు నిండుగా ఉన్నప్పుడే దుబారా ఎక్కువ. 4.2 వోల్టులు తీసుకుని 3.1 వాడితే మిగతాదంతా చిప్పు వేడిగా పోగొడుతుంది. నూటికి ఇరవై ఆరు వంతులు! సెల్లు 3.4కి దిగాక దుబారా తొమ్మిది వంతులే. చేతిలో డబ్బున్నప్పుడే చిల్లర లెక్క చూడం కదా, అలాంటిది. బాగా ఎక్కువ వెలుగు కోసం ఇలాంటి చిప్పులు ఏడెనిమిది పక్కపక్కన పెడితే ఎల్.ఇ.డి.కి కావలసిన వోల్టేజి కూడా పెరుగుతుంది, సెల్లు కూడా ఆ బరువుకి లోపలే కుంగుతుంది. అప్పుడు పైన చెప్పిన గీత ఎంతో ముందే వచ్చేస్తుంది. డబ్బా మీద రాసిన వెలుగు మొదటి కొద్ది నిమిషాలకే పరిమితం కావడానికి, వేడితో పాటు, ఇదొక కారణం.

ఇక మూడో రకం. నాన్నగారి చేతిలో ఉన్నది ఇదే. రెండు పెన్సిలు సెల్లులు కొత్తగా ఉన్నా 3 వోల్టులు. కాసేపటికే అంతకన్నా తక్కువ. ఎల్.ఇ.డి.కి కావలసింది 3.1. ట్యాంకు కంటే కుళాయి ఎత్తులో ఉందన్నమాట. అప్పుడు మోటారు పెట్టి నీళ్ళు ఎక్కించాలి. ఆ పని చేసే చిన్న సర్క్యూటు టార్చి లోపల ఉంటుంది. సెల్లు 3 ఇచ్చినా, రెండున్నర ఇచ్చినా, 2 ఇచ్చినా పైకి 3.1 చేసి, ఎల్.ఇ.డి.కి అదే కరెంటు పంపుతుంది. ఎంత చక్కని ఏర్పాటు! పాత టార్చిలో మసకబారిందని పారేసిన సెల్లుల్లో మిగిలిన సారం కూడా ఇది పిండుకుంటుంది. ఒక్క సెల్లుతో ఎల్.ఇ.డి. వెలిగించే బుల్లి టార్చిలన్నీ ఇలాంటివే.

కాని వెలుగు తగ్గకూడదంటే ఆ ఖర్చు ఎక్కడి నుంచి రావాలి? వెలుగుకీ నష్టాలకీ కలిపి 0.54 వాటు కావాలనుకుందాం. సెల్లులు 3 వోల్టులున్నప్పుడు 180 మిల్లీ ఆంపియర్లు లాగితే సరిపోతుంది. అవి 2 వోల్టులకి దిగాక అదే పనికి 270 లాగాలి. సెల్లు నీరసించేకొద్దీ దాని మీద బరువు పెరుగుతుంది. బల్బు చేసిన దానికి సరిగ్గా తలకిందులు. నీరసించిన సెల్లు ఎక్కువ కరెంటు లాగితే లోపలే కుంగి వోల్టేజి ఇంకా దిగుతుంది. దిగితే ఇంకా లాగాలి. లాగితే ఇంకా కుంగుతుంది. మా వృత్తిలో ఇలాంటి పార్టీలని ఎంతమందిని చూశానో! వ్యాపారం పడిపోతున్నా ఇంట్లో దర్జా తగ్గదు. కారు అదే, పెళ్ళిళ్ళ ఖర్చు అదే. పాత అప్పు వడ్డీకి కొత్త అప్పు. చివరి నెల వరకూ చెక్కులన్నీ పాసవుతూనే ఉంటాయి. ఒక ఉదయం దుకాణం తెరుచుకోదు. ఆ వీధిలో వాళ్ళకి అప్పుడు తెలుస్తుంది.

సరే, కొలిచిన సంగతి. భోజనాల బల్ల మీద కొత్త టార్చి పెట్టి, కొత్త సెల్లులు వేసి, వెనక మూత తీసినప్పుడల్లా వెలుగు ఆరకుండా మా అబ్బాయి తీగలు ఏర్పాటు చేశాడు. పావుగంటకోసారి మీటరు చూసి నోటుపుస్తకంలో రాశాను. వెలుగు కొలిచే సాధనం నాకు లేదు. ఆరడుగుల దూరంలో గోడకి న్యూస్‌పేపరు అంటించి, కోర్టు నోటీసుల సన్న అక్షరాలు చదవడమే నా కొలత. మా ఆవిడ అటు వచ్చి, "లైటుకి కూడా పాసుబుక్కు రాస్తున్నారా?" అని నవ్వి వెళ్ళింది. గంటలు గడిచాయి. వోల్టులు దిగుతున్నాయి, అక్షరాలు మాత్రం అలాగే కనిపిస్తున్నాయి. రెండున్నర, 2.3, 2.1. అక్షరాల్లో తేడా లేదు. మీటరు లేకుండా ఆ గదిలోకి వచ్చినవాడెవడూ ఈ సెల్లులు చివరి దశలో ఉన్నాయని చెప్పలేడు. 2 దాటాక రీడింగు రాసుకునే లోపలే అంకె మారిపోవడం మొదలైంది. లైటు రెండుసార్లు మిణికింది, ఆరిపోయింది. మసక లేదు, పసుపు లేదు.

అక్కడితో ఆపి ఉంటే నాకు సగమే తెలిసేది. స్విచ్చి తీసేసి మేము కాఫీ తాగాం. పది నిమిషాల తర్వాత మీటరు పెడితే వోల్టేజి మళ్ళీ పైకి లేచి ఉంది. స్విచ్చి నొక్కాను. శుభ్రంగా వెలిగింది. గోడ మీది అక్షరాలు మొదట్లోలాగే కనిపించాయి. రెండు నిమిషాలుండి మళ్ళీ ఆరిపోయింది. బరువు దించితే సెల్లు లోపలి రసాయనాలు కాస్త సర్దుకుని ఊపిరి పీల్చుకుంటాయట. ఆ ఊపిరి కొద్దిసేపటికే.

ఆ రాత్రి నూతి దగ్గర జరిగింది అదే. నాన్నగారు పడిపోయి, నేను పరుగెత్తి వెళ్ళి, ఆయన్ని లేపి కూర్చోబెట్టేసరికి ఆ సెల్లులు విశ్రాంతి తీసుకున్నాయి. నా చేతిలో వెలిగాయి. నేను వెలిగిన లైటుని నమ్మి నాన్నగారిని నమ్మలేదు.

వెంటనే ముందు గదిలోకి వెళ్ళి చెప్పాను. "నాన్నగారూ, ఆ రోజు మీరు చెప్పిందే నిజం. లైటు దానంతట అదే ఆరింది. మీరు స్విచ్చి నొక్కలేదు." ఆయన కళ్ళజోడు పైకి తోసి నా వంక చూశారు. "ముప్పై ఏళ్ళు రైల్వేలో లైటు పట్టుకున్నవాడికి స్విచ్చి ఎక్కడుందో తెలీదట్రా" అన్నారు. అంతే. మళ్ళీ పేపరులోకి వెళ్ళిపోయారు. ఆ వారంలో చుట్టాలకి ఫోన్లు చేసి, లోగడ చెప్పిన మాట నేనే దిద్దుకున్నాను. కొందరికి ఆ సంగతే గుర్తులేదు. అయినా చెప్పాను.

ఇక యానాం సోదరి అడిగిన ప్రశ్న. ఖరీదు ఒక్కటే చూసి లాభం లేదు. చివర్లో ఏం చేస్తుందో చూడాలి. వెలుగు ఒకే తీరున ఉండే టార్చి మంచిదే, దారి బాగా కనిపిస్తుంది. అయితే సెల్లు అడుగంటినప్పుడు ఏదో ఒక సైగ చేసేది చూసుకోండి. కొన్నింటిలో సెల్లు ఒక మట్టానికి దిగగానే సర్క్యూటే వెలుగు తగ్గించి, మిగిలింది పొదుపుగా వాడుతుంది. కొన్నింటిలో ఎర్ర చుక్క వెలుగుతుంది, కొన్ని మిణుకుతాయి. బి.పి. మిషను సెల్లు బొమ్మ చూపించినట్టే ఇదీను. దుకాణంలో అడిగితే తెలియదంటారు. డబ్బాలో కాగితం ఉంటే అక్కడే విప్పి చదవండి, మొహమాటపడవద్దు.

సెల్లులు కొనేటప్పుడు ఇంకో మాట. చవక జింకు సెల్లులు గోడ గడియారానికీ, రిమోటుకీ చాలు. మోటారు సర్క్యూటు ఉన్న టార్చికి వాటిని వేస్తే పైన చెప్పిన కుంగుబాటు తొందరగా వస్తుంది, వాటి లోపలి అడ్డు ఎక్కువ కనుక. మా నాన్నగారి టార్చిలో వేసినవి అవే. వేసిందీ నేనే. అలాంటి టార్చికి ఆల్కలైను సెల్లులు వేయండి. ఛార్జి చేసుకునే నికెలు సెల్లులు 1.2 వోల్టులే అయినా చాలాసేపు అక్కడే నిలకడగా ఉంటాయి, బరువు బాగా మోస్తాయి. రోజూ వాడే ఇంటికి అవి లాభం. కాని వాటిలో మామూలు రకం ఊరికే ఉన్నా నెలల్లో ఖాళీ అవుతుంది. తుపాను కోసం అలమారులో దాచేటట్టయితే ఆల్కలైనే నయం. అదీ టార్చిలో వేసి కాదు, విడిగా. లోపల మరిచిపోతే ఎప్పుడో కారి రేకులు తినేస్తాయి. పాతదొకటి కొత్తదొకటి కలిపి వేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి. కొత్తది తోస్తుంటే పాతది వట్టిపోయి తలకిందులు ఛార్జవుతుంది, ముందు కారేది అదే.

గోడకి గుచ్చి ఛార్జి చేసే లావుపాటి టార్చిల్లో చాలావాటిలో 4 వోల్టుల సీసపు బ్యాటరీ ఉంటుంది. దాన్ని పూర్తిగా ఖాళీ చేసి నెలల తరబడి వదిలేస్తే మళ్ళీ ఛార్జి పట్టదు. నెలకోసారి గుర్తుపెట్టుకుని ఛార్జి చేసేవాళ్ళు ఇంట్లో ఉంటేనే అది కొనండి.

మీటరుతో ఊరికే కొలిచి సెల్లు బాగుందనుకోవడం కూడా పొరపాటే. టార్చి ఆరి ఉండగా 1.3 చూపించిన సెల్లు, వెలిగించగానే 0.9కి కుంగవచ్చు. బ్యాంకు భాష తెలిసినవాళ్ళకి చెప్పాలంటే, కాగితం మీద క్యాష్ క్రెడిట్ లిమిటు పది లక్షలు ఉంటుంది. గోడౌనులో సరుకు చూస్తే డ్రాయింగు పవరు రెండు లక్షలే. కొలిస్తే లైటు వెలుగుతుండగా కొలవాలి. కొలిచే సాధనం లేనివాళ్ళు సెల్లులు మార్చిన తేదీ ఒక చీటీ మీద రాసి టార్చికి అంటించడం మేలు. మా ఇంట్లో అలాగే చేస్తున్నాం.

కొత్త టార్చి మూలపడలేదు, చీటీతో తలుపు పక్క మేకుకి వేలాడుతోంది. దాని పక్కనే పాత స్టీలు టార్చి. దానికిప్పుడు బల్బు దొరకడం కష్టంగా ఉంది. ఒక చిన్న దుకాణంలో దొరికిన నాలుగు బల్బులూ కొనేశాను. వాన పడే రాత్రి నాన్నగారు ఏది తీసుకుంటారో వేరే చెప్పనక్కరలేదు కదా. ఎల్.ఇ.డి. నేను తీసుకుంటాను.

అమ్మా, మీ అత్తయ్యగారికి ఏది కొన్నా, ఇచ్చే ముందు ఒక పని చేయండి. సెల్లులు వేసి, ఒక సెలవు రోజున సెల్లులు అయిపోయేదాకా ఇంట్లోనే వెలగనివ్వండి. ఒక జత సెల్లుల ఖర్చు, అంతే. ఆరే వేళకి ఆవిడని కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. ఎలా ఆరుతుందో ఆవిడ కళ్ళారా చూడాలి. ఎన్ని గంటలకి ఆరిందో, ఆరే ముందు ఏమైనా సైగ చేసిందో లేదో నాకొక ఉత్తరం ముక్క రాయండి.